కాటా ఎక్కని పొట్టేలు

శనివారం పూట హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే బస్సు పెబ్బేరు దగ్గరకొచ్చేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. రోడ్డు వారగా ఆటోట్రాలీలు, బొలేరోలు, డీసీఎం వ్యాన్లు. వాటి సందుల్లోంచి పగ్గాలు పట్టుకుని పశువులను నడిపించుకొచ్చే మనుషులు. వనపర్తి జిల్లాలోని ఈ ఊరి సంతకు గద్వాల వైపు నుంచి, కొల్లాపూర్ వైపు నుంచి, కృష్ణ దాటి కర్నూలు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఎడ్లు, బర్రెలు, నాటుకోళ్లు, మూతిబుట్టలు, పగ్గాలు, మెడగంటలు అన్నీ దొరుకుతాయి. నేను గొర్రెల కోసం వెళ్లాను. ఒక పొట్టేలు దాన్ని పెంచిన మనిషి చేతి నుంచి బయలుదేరి పట్నంలో మాంసం కొట్టు కొక్కేనికి వేలాడేదాకా దాని వెంట నడవాలని నా కోరిక.

పాల గురించి మన పత్రికలు చాలా రాశాయి. కోడిగుడ్డు ధర రోజూ పేపర్లో పడుతుంది. గొర్రె ధర ఏ పేపర్లోనూ పడదు. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు తేలాయి, దేశంలో మొదటి స్థానం మనదే. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 1.76 కోట్లు. అంటే మన రెండు రాష్ట్రాల్లోనే మూడున్నర కోట్లకు పైగా జీవాలు. వాటిని మేపే లక్షల కుటుంబాలకు అవే బ్యాంకు, అవే భూమి, అవే పెన్షను. అంత సంపద అమ్ముడుపోయే తీరు గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

సంతకు ముందు రోజు సాయంత్రం నేను ఆత్మకూరు వైపు ఒక పల్లెలో దిగాను. తెలిసినవారి ద్వారా ఒక కురుమ ఇల్లు చూసుకున్నాను. తాత, కొడుకు, కోడలు, ఇంటర్ చదువుతున్న మనవరాలు. మందలో అరవై దాకా జీవాలు. మృగశిర ఇంకా రాలేదు, బీళ్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఎండాకాలమంతా మందను జూరాల ఆయకట్టు కింద వరి కోసిన పొలాల్లో తిప్పి, అప్పుడే ఊరికి తోలుకొచ్చారు. రాత్రిపూట ఏ రైతు చేలో మంద కడితే ఆ రైతు ఎరువుకు బదులుగా ఇంత అని ఇస్తాడు. తాత చిన్నప్పుడు గింజలు కొలిచేవారట, ఇప్పుడు డబ్బు. కాపరికి రోజువారీ చేతికందే ఆదాయం ఇదొక్కటే.

ఉన్ని సంగతి అడిగాను. తాత భుజాన నల్ల గొంగడి ఉంది. దాని ఉన్ని తమ మందదేనని, తన తండ్రి నేయించాడని చెప్పాడు. ఆ గొంగడికి ఉన్నినిచ్చిన నల్ల గొర్రెలు, దక్కనీ జాతివి, ఆ మందలో ఇప్పుడు ఒక్కటీ లేవు. కత్తిరించే కూలికి కూడా ఉన్ని ధర సరిపోనప్పుడు మాంసం ఎక్కువిచ్చే నెల్లూరు జాతి వైపు కాపరులంతా మళ్లారు. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, ఒంటిమీద ఉన్ని లేని నున్నటి వెంట్రుక. వాటిలో ఒళ్లంతా తెల్లగా ఉండేది పల్ల, ఎర్రది దొర, తెల్లటి ఒళ్లుండి మూతి మీద, కళ్ల చుట్టూ నల్లమచ్చలుండేది జోడిపి. ఆ మందలో మూడు రకాలూ ఉన్నాయి.

ఆరు పొట్టేళ్లను అమ్మాలని వాళ్ల నిర్ణయం. ఇంకో రెండు నెలలు వానపచ్చిక మేస్తే ఒళ్లు చేస్తాయని అందరికీ తెలుసు. అయినా ఇప్పుడే ఎందుకని అడిగితే తాత మనవరాలి వైపు చూశాడు.

"పిల్లకు కాలేజీ ఫీజు గట్టాలె సారూ. ఇత్తనాలు దేవాలె. రెండు నెల్లు ఆగుతె జీవం ఒళ్లు జేస్తది గానీ ఫీజు ఆగదు గదా."

ఈ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. వరి పండినప్పుడు కోస్తారు, పత్తి పగిలినప్పుడు ఏరుతారు. గొర్రె ఎప్పుడు అమ్ముడుపోతుందన్నది మాత్రం దాని ఒంటిని బట్టి ఉండదు, ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. జూన్‌లో బళ్లు తెరిచే వేళకు, ఇంట్లో పెండ్లి కుదిరిన వారానికి, ఎవరైనా ఆస్పత్రిపాలైన మరునాటికి గొర్రె సంతకు బయలుదేరుతుంది. అందరి ఇళ్లల్లో ఫీజులు ఒకే నెలలో కట్టాలి కాబట్టి అందరి పొట్టేళ్లూ ఒకే నెలలో సంతకు చేరతాయి. కొనేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

"ఇవి ఒక్కోటి ఎన్ని కిలోలుంటాయి తాతా?" అన్నాను.

"కిలోలా? గొర్రెను ఎవలు తూస్తరు సారూ! కన్నుతోనే జూస్తరు."

కోడలికి కుట్టుమిషను ఉంది. దాని సొరుగులోంచి మనవరాలు టేపు తెచ్చింది. కాటా లేనిచోట జీవం బరువును టేపుతో అంచనా కట్టే లెక్క ఒకటి పశువైద్యులందరికీ తెలిసిందే. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి తుంటి చివరి ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఒక జోడిపి పొట్టేలును కొడుకు కాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. చుట్టుకొలత 28, పొడవు 24. అమ్మాయి ఫోన్‌లో లెక్క కట్టి "ఇరవై ఎనిమిదిన్నర" అంది. తాత నమ్మలేదు. మళ్లీ కొలవమన్నాడు, మళ్లీ అంతే వచ్చింది. తక్కిన ఐదింటినీ కొలిచి, అంకెలన్నీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకుంది. టేపు లెక్కలో కిలో అటూ ఇటూ తేడా ఉండొచ్చు. అయినా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గొర్రెల మధ్యే బతికిన ఆ తాత తన జీవం బరువును ఒక అంకెగా వినడం అదే మొదటిసారని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

తెల్లవారుజామున ట్రాలీ మాట్లాడుకుని బయలుదేరాం. సంతలో గొర్రెల వైపు అప్పటికే దుమ్ము లేచింది. గుంపులు గుంపులుగా తాళ్లతో మెడలు కలిపి కట్టిన జీవాలు, తలలు లోపలికి, తోకలు బయటికి. అమ్మేవాళ్లు కర్రల మీద ఆనుకుని నిలబడి ఉంటారు. కొనేవాళ్లు నిలబడరు, తిరుగుతూనే ఉంటారు.

మేం దిగీదిగకముందే దలారి వచ్చాడు. తాతను "మామా" అని పలకరించి, కొడుకు భుజం మీద చెయ్యేశాడు. మాటల్లో ఉండగానే ఆయన రెండో చెయ్యి పొట్టేలు నడుము మీదికి పోయింది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. బొటనవేలు ఒక పక్క, నాలుగు వేళ్లు మరోపక్క పెట్టి వెన్నెముక వెంట నొక్కుకుంటూ వచ్చాడు. ఎముకల కొసలు వేలికి గుచ్చుకుంటే జీవం చిక్కిందని, కండలో మునిగిపోతే ఒళ్లు చేసిందని అర్థం. తర్వాత తోక మొదట్లో పట్టి చూశాడు. కింది పెదవి విప్పి పళ్లు చూశాడు. పాలపళ్లా, రెండు పళ్లు వేసిందా, నాలుగా? రెండు పళ్లంటే ఏడాది దాటింది, నాలుగంటే రెండేళ్ల మాట. చివరికి పొట్ట కింద చెయ్యి దూర్చి ఒక్కసారి ఎత్తి దించాడు. ఇదంతా నేను ఇక్కడ రాసినంతసేపు కూడా పట్టలేదు. ఆ చేతిలో ఉన్న విద్యను చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది. పశువైద్య కళాశాలలో పిల్లలకు నేర్పే పరీక్ష కూడా ఇదే. ఆ చెయ్యి దాన్ని ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

ఎత్తి దించాక దలారి తేల్చేశాడు. "ఇరవై మూడు దాటది మామా. పొట్ట నిండ నీళ్లే ఉన్నయి."

కొడుకు ఏదో అనబోయాడు. తాత చెయ్యి అడ్డం పెట్టి "ఇరవై ఎనిమిదున్నది" అన్నాడు మెల్లగా. దలారి నవ్వలేదు, కోప్పడలేదు. "ఎవరు తూచిన్రు?" అని మాత్రం అడిగాడు. టేపు సంగతి చెబితే, "టేపు అంగీ కుట్టనీకె" అనేసి ముందుకు కదిలాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాత మళ్లీ ఆ అంకె ఎత్తలేదు. కాటా మీద వచ్చిన అంకెయితే అట్లా కొట్టిపారేయడం కుదిరేది కాదు.

తర్వాత బేరం తువ్వాలు కిందికి పోయింది. దలారి ఒక చెయ్యి, కొడుకు ఒక చెయ్యి, పైన ఎర్ర తువ్వాలు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వేలు, ఎన్ని వేళ్లు నొక్కితే అన్ని వందలు. పక్కన నిలబడ్డవాడికి ఇద్దరి ముఖాలే తప్ప ధర కనపడదు. తరతరాల మర్యాద ఇది, ఇద్దరి మధ్య మాట ఇద్దరి మధ్యే ఉంచుతుంది. పక్క మందవాడికి ఎంత పడిందో ఈ మందవాడికి తెలియకుండా ఆపేది కూడా ఇదే. వందల జతలు చేతులు మారిన ఆ పొద్దున, ఆ రోజు సంత ధర ఎంతో చెప్పగలిగిన కాపరి నాకు ఒక్కడూ కనపడలేదు. దలారులకు మాత్రం తెలుసు, అన్ని తువ్వాళ్ల కిందా వాళ్ల చేతులే ఉన్నాయి కాబట్టి.

జతకు పదిహేను వేల దగ్గర మొదలై పదహారున్నర దగ్గర తెగింది. మూడు జతలు. దలారి కమీషను అటూ ఇటూ తీసుకున్నాడు. సంత వేలం పాడుకున్నవాళ్ల మనిషి రసీదు చింపి చేతిలో పెట్టాడు. డబ్బు చేతికి రాగానే కొడుకు రెండుసార్లు లెక్కపెట్టి, తాత చేతికిచ్చాడు. తాత గొంగడి మడతలో పెట్టుకున్నాడు. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు.

కొన్న మనిషి వాటిని ఎక్కడికీ తోలుకుపోలేదు. పాతిక అడుగుల అవతల చెట్టు కింద కట్టేశాడు. గంటన్నర తర్వాత పట్నం వ్యాపారి వచ్చి అక్కడే కొన్నాడు. దీన్ని మారుబేరం అంటారు. ఒకే సంతలో, ఒకే పొద్దున, మేత వేయకుండా, మైలు దూరం నడిపించకుండా జీవం ఇంకో చేతికి మారుతుంది. మారుబేరగాణ్ణి దొంగ అనను. కాపరికి అప్పటికప్పుడు నగదు ఇచ్చేది ఆయనే. సాయంత్రం దాకా ఎండలో నిలబడే ఓపిక కాపరికి లేనప్పుడు ఆ ఓపికను ఆయన అమ్ముకుంటున్నాడు. కానీ ఆయన లాభంలో సగం ఆ ఓపికకైతే, తక్కిన సగం తాతకు తెలియని బరువుకు.

వ్యాపారిని బతిమాలి వ్యాన్ ముందు సీట్లో చోటు సంపాదించాను. మా జోడిపి పొట్టేలు వీపు మీద ఎర్రరంగు గీత గీశారు కాబట్టి గుర్తుపట్టడం తేలిక. వ్యాన్‌లో చెక్కలు వేసి రెండంతస్తులు చేశారు. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం నాలుగున్నర, ఐదు టన్నుల బండిలో 40 గొర్రెలకు మించి ఎక్కించకూడదు. ఎక్కించే ముందు పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. రోడ్డు మీద మేం దాటిన బళ్లలో ఈ లెక్క పాటించినవి అరుదు. కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా సుమారు నూట యాభై కిలోమీటర్లు. మధ్యలో ఒక్కచోట ఆపి నీళ్లు చల్లారు. ఎండాకాలం ప్రయాణంలో జీవం బరువు తగ్గుతుంది. పేడ, మూత్రం రూపంలో పోయేది కొంత, ఒంట్లో నీరు ఎండిపోయి పోయేది కొంత. కింది అంతస్తులో తొక్కిసలాటకు ఏదైనా చచ్చిపోతే ఆ నష్టం వ్యాపారిది. అందుకే ఆయన సంతలోనే ఆ నష్టాన్ని ముందుగా ధరలో కోసుకుంటాడు. రవాణా బాగుపడితే కాపరి ధర కూడా బాగుపడుతుందని నాకు ఆ ప్రయాణంలోనే అర్థమైంది.

జియాగూడ మండీకి చేరేసరికి రాత్రయింది. మూసీ పక్కన పాత బస్తీ వాడ, కిక్కిరిసిన షెడ్లు, కబేళా. మన జిల్లాల బళ్లతో పాటు బయటి రాష్ట్రాల లారీలు కూడా అక్కడ ఆగి ఉన్నాయి. ఇక్కడ జీవాలను దించుకునేది అడ్తిదారు. వ్యాపారి తెచ్చిన సరుకును తన షెడ్‌లో నిలబెట్టి, మాంసం కొట్లవాళ్లకు బేరం చేసిపెట్టి, కమీషను తీసుకుంటాడు. చాలా కొట్లకు సరుకు అరువు మీద పోతుంది, ఆ అరువు భారం అడ్తిదారే మోస్తాడు. తెల్లవారితే ఆదివారం. నగరంలో వారమంతా అమ్ముడయ్యే మాంసం ఒక ఎత్తు, ఆదివారం అమ్ముడయ్యేది ఒక ఎత్తు. కాబట్టి ఆ రాత్రి అక్కడ ఎవరూ నిద్రపోరు.

ఎర్రగీత పొట్టేలును ఒక చిన్న కొట్టు యజమాని కొన్నాడు. తండ్రి కాలం నుంచి ఇదే పని. ఎంతకు కొన్నావు భాయ్ అంటే చెప్పడానికి మొహమాటపడలేదు, తొమ్మిదివేల ఏడు వందలు. పెబ్బేరులో తాతకు పడింది ఎనిమిదివేల రెండు వందల యాభై. మధ్యలో పెరిగిన పద్నాలుగు వందల యాభైలోనే మారుబేరం, వ్యాన్ కిరాయి, ప్రయాణం నష్టభయం, అడ్తి కమీషను అన్నీ ఉన్నాయి. ఇందులో ఎవరూ కోట్లకు పడగలెత్తలేదు.

కబేళాలో పశువైద్యుడు చూసి ముద్ర వేశాక, తెల్లవారకముందే కొట్టుకు చేరింది. తల, కాళ్లు, బోటి, చర్మం వేరుచేశాక మిగిలిన మాంసాన్ని ఆయన కాటాకు తగిలించాడు. పుట్టినప్పటి నుంచి ఆ పొట్టేలు కాటా ఎక్కడం అదే మొదటిసారి. అప్పటికి దానికి ప్రాణం లేదు. 13 కిలోల 400 గ్రాములు.

గొర్రె బరువులో మాంసంగా దిగేది కాస్త అటూ ఇటూగా సగం. 13 కిలోల 400 గ్రాములు దిగిందంటే బతికున్నప్పటి బరువు ఇరవై ఎనిమిదికి దగ్గరే అయ్యుండాలి. కుట్టుమిషను టేపు చెప్పిందే నిజం. దలారి అన్న ఇరవై మూడు కిలోలైతే మాంసం పదకొండు కిలోలకు మించదు. ఆ రోజు కొట్టు మీద కిలో 800. తేడా రెండు కిలోలకు పైనే, అంటే ఒక్క పొట్టేలు మీద పద్దెనిమిది వందలకు పైగా. ఆరు పొట్టేళ్ల మీద ఎంతో ఇంటర్ చదివే ఆ అమ్మాయి నాకంటే త్వరగా చెబుతుంది. ఆమె ఫీజులో అది చిన్న భాగం కాదు.

"మేం గూడ కన్నుతోనే కొంటం అన్నా" అన్నాడు కొట్టు యజమాని, నా ముఖం చూసి. "తప్పితే లాస్ మాదే." ఆయన మాట నిజమే. కానీ ఒక్క తేడా ఉంది. ఆయన రాత్రి కంటితో ఇంత అనుకుంటాడు, పొద్దున కాటా మీద ఎంతో చూస్తాడు. అంచనా, అసలు బరువు, రెండూ కొన్ని గంటల తేడాతో పక్కపక్కన పడతాయి. రోజూ ఇలా ఏళ్ల తరబడి జరిగితే కన్నే కాటా అవుతుంది. కాపరికి ఆ రెండో అంకె ఎప్పుడూ అందదు. ఆయన పొట్టేలును సంతలో వదిలేసి ఇంటికొస్తాడు, అది ఎన్ని కిలోలు దిగిందో ఆయనకు చెప్పేవాళ్లు లేరు. డెబ్బై ఏళ్లు గొర్రెలు మేపినా ఆ కంటికి దిద్దుబాటు దొరకదు. దలారికి, వ్యాపారికి, అడ్తిదారుకు, కొట్టువాడికి కొద్దో గొప్పో ఆ దిద్దుబాటు దొరుకుతూనే ఉంటుంది. ఈ బేరంలో కాపరి ఓడిపోతున్నది అందుకే. అమాయకత్వమో మొహమాటమో అసలు కారణం కాదని నా నమ్మకం.

చర్మం సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు కొట్లవాళ్లకు చర్మం మీద మంచి రాబడి. ఉప్పు రాసి మడిచి పెడితే తమిళనాడులో రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పరిశ్రమలకు పోయేది. ఇప్పుడు ధర పడిపోయింది, కొన్నిచోట్ల పారేస్తున్నారు కూడా. ఉన్ని పోయింది, చర్మం పోయింది. గొర్రె విలువంతా మాంసం మీదే నిలబడింది. ఆ మాంసం ఎంతో కాపరికి తెలియదు.

ఇది మారనిదేం కాదు. పాల విషయంలో మన కళ్ల ముందే మారింది. వెన్న ఎంతో కొలవలేనన్నాళ్లూ చిక్కటి పాలు పోసినామెకు, నీళ్లు కలిపి పోసినామెకు ఒకే ధర. 1890ల్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లౌస్ గెర్బర్ ఒక సులువైన పద్ధతి కనిపెట్టాడు. సన్నటి మెడ ఉన్న గాజుగొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి గిరగిరా తిప్పితే వెన్న పసుపు గీతలా పైకి తేలుతుంది, గొట్టం మీది గీతల్లో దాని శాతం చదువుకోవడమే. ఇదివరకు హన్మకొండ జిల్లా ములుకనూరు వెళ్లినప్పుడు దీని ఫలం చూశాను. 1956లోనే సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్న ఊరు అది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అక్కడి ఆడవాళ్లు 2002 నుంచి సొంత పాల డెయిరీ నడుపుతున్నారు. రెండు బర్రెలున్న ఇల్లాలు పొద్దున్నే క్యాన్‌తో వచ్చి, పాలు పోసి, వెన్న శాతం, వెన్న కాక మిగిలే ఘనపదార్థం, ధర రాసి ఉన్న చిట్టీ పట్టుకుని పోతుంది. కొలతలో మోసాలు జరిగే కేంద్రాలు మన రాష్ట్రాల్లో లేవని అనను. కానీ అంకె ఉన్నచోట కనీసం తగువు పెట్టుకోవచ్చు. బ్రాయిలర్ కోడిని ఫారం గేటు దగ్గరే కిలోల లెక్కన తూచి కొంటారు. బక్రీదు ముందు హైదరాబాదులో పొట్టేళ్లను, మేకపోతులను కూడా బతికుండగానే కిలో ఇంత అని అమ్మేవాళ్లున్నారు. పట్నంలో కొనేవాడికి ఉన్న కాటా సంతలో అమ్మేవాడికి ఎందుకు ఉండకూడదు?

పెంచడానికి మన దగ్గర పథకాలున్నాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చింది. పశుగణనలో సంఖ్య పెరగడానికి అదొక కారణం. చిటుకు రోగానికి, పారుడు రోగానికి టీకాలు వేస్తున్నారు, అది మంచి పని. గొర్రెల పెంపకందారుల సంఘాలు ఊరూరా ఉన్నాయి. అవన్నీ సభ్యత్వం కోసం, సబ్సిడీ కోసం. సభ్యుల పొట్టేళ్లన్నీ కలిపి, తూచి, ఒక్కటిగా బేరమాడి అమ్మిపెట్టే సంఘం ఆ దారిలో నాకు ఒక్కటీ తగల్లేదు. మాంసం మీద పరిశోధించే జాతీయ సంస్థ హైదరాబాదు శివారు చెంగిచర్లలోనే ఉంది. ఏ జాతి, ఏ వయసు జీవం నుంచి ఎంత మాంసం దిగుతుందో తెలిసినవాళ్లు అక్కడున్నారు. ఆ తెలివి పెబ్బేరుకు రావడానికి నూట యాభై కిలోమీటర్లే.

కాటా పెడితే పొట్టనిండా నీళ్లు తాగించి తెస్తారని దలారులు అంటారు. నిజమే, తెస్తారు. దానికీ విరుగుడుంది. రాత్రి మేపకుండా పొద్దున్నే తూచడం, లేదా పొట్టకు ఇంత అని ముందే తరుగు మాట్లాడుకోవడం. ధాన్యంలో తేమకు తరుగు తీయడం మన రైతుకు కొత్త కాదు. బరువొక్కటే ధర తేల్చదు. జాతి, పళ్లు, కండ, పండుగ రోజు అన్నీ లెక్కలోకి వస్తాయి, దలారి చేతిలోని విద్యకు అప్పుడూ పని ఉంటుంది. బేరం మొదలయ్యే చోటు మాత్రం ఇద్దరికీ ఒకటే అవుతుంది.

కాబట్టి సంతల వేలం డబ్బు తీసుకునే పంచాయతీలకు, మున్సిపాలిటీలకు నా విన్నపం ఇది. ఆ డబ్బులో చిన్న వాటాతో గొర్రెలు నిలబడే చోట చుట్టూ కంచె ఉన్న ప్లాట్‌ఫారం కాటా ఒకటి పెట్టండి. తూచిన చిట్టీ ఉచితంగా ఇవ్వండి. ఆ రోజు జత ఎంతకు పోతోందో గంట గంటకూ బోర్డు మీద రాయండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. గొర్రెల సంఘాల పెద్దలు పట్టుబడితే వచ్చే వేలం నాటికే ఈ షరతు పెట్టించవచ్చు.

ఇంట్లో మంద ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే మీకో మాట. కాటా వచ్చేదాకా టేపు చాలు. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపైన పొడవుతో హెచ్చవేసి 660తో భాగించండి. సంతకు ముందు రోజు రాత్రే ఆ అంకె రాసి మీ తాత చేతికివ్వండి. దలారి ఒప్పుకోకపోతే పక్క దలారి దగ్గరికి పొమ్మని చెప్పండి.